మొదటి వద్దు

మా కోనసీమలో ఎవరింటికైనా వెళ్ళినప్పుడు టీ తాగుతారా అని అడిగితే, తాగుతానని వెంటనే చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు. "వద్దండి, ఇప్పుడే తాగొచ్చాం" అనాలి. పొద్దుటినించీ పచ్చి మంచినీళ్ళు ముట్టకపోయినా సరే, అనాలి. అప్పుడు ఇంటావిడ "అదేం మాటండీ, ఓ గుక్కేగా" అనాలి. "అబ్బే, మీకెందుకండీ శ్రమ" అనాలి మనం. ఆవిడ అప్పటికే పొయ్యి మీద పాలు పెట్టేసి ఉంటుంది. "మా ఇంటికొచ్చి ఉత్తినే పోతారేంటి?" అని కసురుతుంది. అప్పుడు, మూడోసారికి, "సరే, సగం గ్లాసు చాలండి" అంటాం. నిండు గ్లాసు వస్తుంది. తాగుతాం. ఈ తతంగం లేకుండా ఇచ్చిన టీ ఎంత బావున్నా మాకు గొంతు దిగదు.

ఈ 'వద్దండి' నా నాలుక మీద ఎంతగా పాతుకుపోయిందంటే, బహ్రెయిన్‌లో అది ఒకసారి నా నోటి దగ్గరి కూడు లాగెయ్యబోయింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఇంగ్లీషు వాళ్ళ టీ గురించి చెప్పాలి. గొడవంతా అక్కడే మొదలైంది మరి.

అద్లియాలో ఒక ఇంగ్లీషు పెద్దావిడ ఇంట్లో పనికి కుదిరాను. ఆవిడ ఈ దేశం పిల్లలకి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన టీచరు. భర్త పోయాక కూడా ఈ ఎండని వదిలి వెళ్ళబుద్ధి కాక ఉండిపోయింది. వంట, ఇల్లు, బట్టలు అన్నీ నేనే చూసుకునేదాన్ని. ఆవిడే నా కఫీల్. అంటే నా వీసా ఆవిడ పేరు మీద ఉంది, ఆవిడ ఉన్నంతకాలం నేనూ ఉంటాను.

చేరిన రోజే సాయంత్రం ఆవిడ బల్ల మీద ట్రే పెట్టుకుంది. పొట్టిగా, పొట్ట ముందుకొచ్చిన పింగాణీ టీపాటు, పక్కన పాల గిన్నె, రెండు కప్పులు. నా వైపు తిరిగి "నీకూ ఒక కప్పు పొయ్యనా, డియర్?" అంది. ప్రయాణంతో తలనొప్పి పగిలిపోతోంది నాకు. ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. "నో మేడం, థాంక్యూ" అన్నాను, చక్కగా, మర్యాదగా. అని, రెండోసారి అడుగుతుందని అక్కడే నిలబడ్డాను.

ఆవిడ "ఓ, సరే" అని నవ్వింది. టీపాటుకి ఒక ఉన్ని టోపీ తొడిగింది, చంటిపిల్లకి తొడిగినట్టు, చెవుల దాకా. రెండో కప్పు తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది.

బాబోయ్! ఆ టోపీ వంక అలా చూస్తూ ఉండిపోయాను.

తర్వాత కొన్ని నెలలపాటు అదే వరస. నాలుగయ్యేసరికి ఆవిడ ఒక్కతే కూర్చుని, కిటికీలోంచి చూస్తూ తాగేది. నన్ను అడిగింది లేదు. నాకు టీ కొత్తా? వంటింట్లో అల్లం దంచేసుకుని, పాలు పోసుకుని, గిన్నె అంచుదాకా పొంగించుకుని నా టీ నేను తాగుతూనే ఉన్నాను. నా బాధ టీ గురించి కాదు, పిలుపు గురించి. ఒక మనిషి పక్కనే తిరుగుతుంటే, మాటవరసకైనా తాగవే అనని మనిషి ఉంటుందా? ఇంత చదువుకుంది, ఇంత పిసినారితనమేంటి అని గిన్నెలు తోమేటప్పుడు ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని. నా చేతిలో ఆ ఇంటి గిన్నెలు అద్దాల్లా మెరిసేవి.

మా బిల్డింగ్‌కి ఒక నాతూర్ ఉండేవాడు. నాతూర్ అంటే ఇక్కడ వాచ్‌మన్. ఉత్తర తెలంగాణ మనిషి. ఆయనకి గల్ఫ్ అంతా దుబాయే; బహ్రెయిన్ గడ్డ మీద నిలబడి 'నేను దుబాయిల ఉన్న' అని ఇంటికి ఫోన్ చేసేవాడు. ఒకరోజు కింద మెట్ల దగ్గర నా గ్లాసు పట్టుకుని కూర్చుని నా గోడంతా ఆయనకి వెళ్ళబోసుకున్నాను.

"ఆమె అడిగినప్పుడు నువ్వు వద్దన్నవా?" అన్నాడు.

"అన్నాను. మర్యాదకి అంటాం కదా తమ్ముడూ."

"గదే తప్పక్కా. ఆళ్లకు వద్దంటె వద్దే. నేను దుబాయికి అచ్చిన కొత్తల గట్లనే జేసిన. సైట్ల ఇంజనీరు సాబు, గాయన గూడ తెల్లాయనే. ఎండల మాడుతున్ననని సల్లటి నీళ్ల సీస ఇచ్చిండు. ఫస్టుకే ఎట్ల తీసుకుంటమని వద్దన్న. మూత వెట్టి, బండ్ల ఏసుకొని పోయిండు. నా నాలుక పిడుసగట్కపోయింది."

"అయ్యో! మరి ఏం చేశావు?"

"ఏం జేస్త? గప్పటిసంది ఎవలేమిచ్చినా మొదలుకే చెయ్యి సాపుతున్న" అని నా గ్లాసు లాక్కుని మిగిలిన టీ గటగటా తాగేశాడు.

నాకు నవ్వొచ్చింది గానీ, మనసు ఒప్పుకోలేదు. చెయ్యి చాపడం ఆయనకి చెల్లుతుందేమో. నన్ను పెంచిన మా అమ్మమ్మ చూస్తే ఆ చేతి మీద గరిటె పెట్టి కొట్టేది.

ఈ చిక్కు విడిపోవడానికి ఇంకో ఆవిడ రావాల్సి వచ్చింది. మేడం స్నేహితురాలు, ఆవిడా ఇంగ్లీషావిడే. మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న కేఫ్ నడిపేది. వేసవిలో ఒకరోజు టీకి వచ్చింది. నేను కేక్ పట్టుకెళ్ళి అడిగితే "నో, థాంక్యూ" అంది. మన ఇంటికొచ్చిన మనిషి, పాపం మొహమాటపడుతోంది అనుకున్నాను. "తీసుకోండి మేడం" అని ఒక ముక్క ప్లేటులో వేశాను. "నో, రియల్లీ" అంది. ఇదిగో, రెండోది కూడా అయిపోయింది అనుకుని ఇంకో ముక్క వేశాను. మూడోసారికి ఆవిడ ఏమీ అనలేదు. నా చేతిలో కత్తి వంక ఒకసారి చూసి, తలొంచుకుని రెండు ముక్కలూ తినేసింది. నాకెంత తృప్తిగా ఉందో!

ఆవిడ వెళ్ళాక మేడం నన్ను పిలిచింది. కోపంగా లేదు గానీ, అర్థంకాని మొహంతో ఉంది. "ఆమె వద్దంది కదా. ఎందుకు పెట్టావు?"

వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులు తిప్పుకుంటూ చెప్పాను. మొదటి వద్దు మర్యాద. రెండో వద్దు కూడా మర్యాదే. మూడోసారి కూడా వద్దంటే అప్పుడు నిజంగా వద్దని. అడగ్గానే ఊఁ అంటే కక్కుర్తి మనిషని చెప్పుకుంటారని. పెట్టేవాళ్ళు మూడుసార్లూ అడగకపోతే, పెట్టడం ఇష్టం లేదని అర్థమని. దీన్ని మా భాషలో మొహమాటం అంటారని.

"మొ-హ-మా-టం" అని ఆవిడ క్లాసులో పిల్లలా పలికి చూసుకుంది. పుల్లటి బిళ్ళేదో నోట్లో వేసుకున్నట్టు రెండు మూడుసార్లు చప్పరించింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నువ్వు వచ్చిన రోజు టీ ఇస్తానంటే వద్దన్నావు. అది ఎన్నో వద్దు?"

"మొదటిది మేడం."

"ఇన్నాళ్ళూ?" అంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని హడలిపోయాను. నవ్వుతోంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది, అప్పుడు మాత్రం నిజంగానే తడి ఉంది. లేచి, బీరువాలోంచి ఆ రెండో కప్పు తనే తెచ్చి, నా కోసం కుర్చీ లాగింది. "టీ, డియర్?" అంది. "వద్దు మేడం" అన్నాను, నా నోరు నా మాట వినదు కదా. "టీ?" అంది ఇంకొంచెం గట్టిగా. "పర్లేదు మేడం." "టీ!" అని బల్ల గుద్దింది. "సరే మేడం, సగం చాలు."

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం మా ఇద్దరికీ అదే ఆట. రెండు వద్దులు నావి, మూడు అడగడాలు ఆవిడవి. ఆ తర్వాతే టీ.

ఆ టీ రుచి గురించి నిజం చెప్పాలంటే, మొదటి గుక్కకి కరక్కాయ నమిలినట్టు నోరంతా ఒగరెక్కిపోయింది. పంచదార లేదు. పాలు కంటినలుసంత. టీ అంటే పొంగాలి, మరగాలి, వాసనకి పక్కింటివాళ్ళు తొంగిచూడాలి. వీళ్ళ టీకి మంటే లేదు. ముందు మరిగిన నీళ్ళు ఉత్త టీపాటులో పోసి, గిరగిరా తిప్పి, పారబోస్తారు. తాగే నీళ్ళకి సముద్రాన్ని వడగట్టుకునే దేశంలో వేడినీళ్ళు పారబొయ్యడమేంటండీ! పాటు చల్లగా ఉంటే ఆకుకి జలుబు చేస్తుందన్నట్టు మాట్లాడేది ఆవిడ. తర్వాత మనిషికో చెంచా ఆకు, టీపాటు కోసం ఇంకో చెంచా. టీపాటు కూడా వాళ్ళకి ఒక మనిషే. నీళ్ళు పోసి, టోపీ తొడిగి, కూర్చోవాలి. మాట్లాడుకోవచ్చు గానీ మూత తీసి చూడకూడదు. పొయ్యి మీద పాలు కాచేదాన్ని, నాకు ఆ ఊరికే కూర్చోవడమే అన్నిటికంటే కష్టమయ్యింది. ఆకు కోసం జిదాఫ్స్ మార్కెట్‌కి వెళ్తే, దుకాణంలో వేలితో తీసి వాసన చూసి 'ఇది పాతది' అని చెప్పగలిగేదాకా వచ్చాను. దారంతో వేలాడే టీ సంచులు ఆవిడ ఇంట్లోకి రానిచ్చేది కాదు.

నా అల్లం టీ కూడా ఒకసారి రుచి చూపించాను. కళ్ళు పెద్దవి చేసి, "ఇది టీ కాదు, ఇది భోజనం" అంది. "ఇంకొంచెం పొయ్యి" అని కూడా అంది.

టోపీ కింద ఆకు నానేదాకా ఆవిడ నాకు కథలు చెప్పేది. వాళ్ళ దేశంలో ఒకప్పుడు టీ ఆకు బంగారంతో సమానమట. చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంటావిడ తన దగ్గరే ఉంచుకునేదట. వాడేసిన ఆకు కూడా పనివాళ్ళు పారెయ్యకుండా ఎండబెట్టి అమ్ముకునేవారట. మధ్యాహ్నం తిండికీ రాత్రి తిండికీ మధ్య దూరం పెరిగి, కడుపులో ఎలుకలు పరిగెత్తితే గొప్పింటి ఆడవాళ్ళు ఈ నాలుగింటి టీ పెట్టుకున్నారట. నేనూ ఊరుకుంటానా? మా అమ్మమ్మ చెప్పిన కథ చెప్పాను. ఆవిడ చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికీ టీ తెలియదు. టీ కంపెనీ వాళ్ళు బండి కట్టుకొచ్చి, పందిరేసి, కాచి ఊరికే పోసేవారట. తెల్లదొరల సరుకు, ఊరికే పోస్తున్నారంటే ఏదో మతలబుంది అని జనం దూరంగా నిలబడితే, వెంటపడి మరీ గ్లాసులు చేతిలో పెట్టేవారట. అమ్మమ్మ మొదటి గుక్క ఉమ్మేసింది. తర్వాత చచ్చేదాకా టీ లేకుండా పక్క దిగలేదు.

"అయితే మాకూ మూడుసార్లు అడగడం వచ్చన్నమాట!" అంది మేడం సంబరంగా.

"అమ్మేటప్పుడు వచ్చండి. ఇచ్చేటప్పుడే మర్చిపోయారు" అన్నాను.

తాగుతున్న టీ ఆవిడకి పొలమారి, నేను వీపు నిమరాల్సి వచ్చింది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఆవిడకి నేను పనిమనిషినని, నాకు ఆవిడ కఫీలని సాయంత్రం పూట మాత్రం ఇద్దరం మర్చిపోయేవాళ్ళం.

ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. మెట్లు ఎక్కలేక కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఇంగ్లండులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోక తప్పదని తేలిపోయింది. ఆ మాట చెప్పిన రోజు ఆట ఆడలేదు మేము. నాకు ఆవిడ వెళ్ళిపోతోందన్న దిగులు ఒకటి, ఆవిడ వెళ్తే నా వీసా ఖలాస్ అన్న భయం ఇంకొకటి. ఊళ్ళో మా ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు. మా ఆయన ఫోనులో చూపిస్తాడు: పైకి లేచిన ఇనప చువ్వలు, వాటి మీద తుప్పు. ఇప్పుడు తిరిగి వెళ్తే ఆ చువ్వలు అలాగే ఆకాశం చూస్తూ ఉండిపోతాయి. ఇంకొకరు వీసా తీసుకుంటే ఉండొచ్చు. కానీ ఎవరు తీసుకుంటారు? తీసుకున్నా ఎలాంటి ఇంట్లో పడతానో! మేడంని అడగడానికి నోరు రాలేదు. ఆవిడ కష్టంలో ఆవిడుంటే నా గోల ఏంటని మింగేశాను.

ఆ వారంలోనే కేఫ్ ఆవిడని మేడం టీకి పిలిచింది. "ఈ రోజు అంతా నువ్వే చెయ్యి" అంది నాతో. పాటు వేడి చేశాను, ఆకు వేశాను, టోపీ తొడిగాను, సమయం చూసి పోశాను. కేఫ్ ఆవిడ ఒక గుక్క తాగి, మేడం వైపు చూసి తలూపింది. రెండో కప్పు కూడా తాగింది. తర్వాత కప్పు కింద పెట్టి, నేరుగా నన్నే చూస్తూ అడిగింది.

"ఈవిడ వెళ్ళాక నా కేఫ్‌కి వస్తావా? టీ నువ్వే చూసుకోవాలి. నీ వీసా నేను మార్పించుకుంటాను."

"నో నో మేడం, థాంక్యూ" అన్నాను.

అదేంటి, నేనెప్పుడు అన్నాను? నోరు నాకంటే ముందు పరిగెత్తింది. నాకు తిండి పెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఎప్పుడెప్పుడు పోతుందా అని కాచుక్కూర్చున్నదానిలా ఎగిరి గంతేసి సరేనంటానా? మా వైపు ఎవరంటారు?

కేఫ్ ఆవిడ మొహం మెత్తబడింది. "నాకర్థమైంది. ఇంటికి వెళ్ళాలని ఉంటుంది కదా" అంది. అని, రొట్టె మీద జామ్ రాసుకుంటూ మేడంతో ఎండల గురించి మాట్లాడ్డం మొదలుపెట్టింది.

టీపాటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంకోసారి అడుగు తల్లీ, నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి అడుగు అని లోపల మొక్కుకుంటున్నాను. ఆవిడేమో జామ్ ఎక్కడ కొన్నావని అడుగుతోంది. నాతూర్ తమ్ముడి నీళ్ళ సీసా గుర్తొచ్చింది. నా నాలుక కూడా పిడచకట్టుకుపోయింది. నేనే నోరు తెరిచి 'వస్తానండి' అంటే అయిపోయేదే. అంత చిన్న మాట, ఎంత తన్నుకున్నా బయటికి రాలేదు. పుట్టినప్పటినించీ పెట్టిన తాళం మరి.

మేడం కళ్ళజోడు పైనుంచి నా మొహం చూసింది. కప్పు కింద పెట్టింది.

"ఇంకోసారి అడుగు" అంది స్నేహితురాలితో.

"తను వద్దంది కదా. బలవంతం చేస్తే బావుండదు."

"అది మొదటి వద్దు. అది లెక్కలోకి రాదు. నీకు పెట్టిన కేక్ గుర్తులేదా?"

పాపం కేఫ్ ఆవిడ ఎర్రబడిపోయింది. వద్దన్న మనిషిని మళ్ళీ అడగడమంటే వాళ్ళకి ఎంత ఇబ్బందో అప్పుడు చూశాను. గొంతు సవరించుకుని, బల్ల మీది గుడ్డ సర్దుకుంటూ, "నిజంగానే రావా? నాకు సంతోషంగా ఉంటుంది" అంది.

ఈసారైనా బుద్ధిగా సరే అనాలా వద్దా? "పర్లేదు మేడం, మీకెందుకు శ్రమ" అంది నా పాడు నోరు.

మేడం పకపకా నవ్వింది. "చూశావా, రెండో వద్దు కూడా అయిపోయింది" అంది. తర్వాత కర్ర ఆనించుకుని, ఆ నొప్పి మోకాళ్ళ మీద లేచి, నా దగ్గరికి వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుంది. తను నా దగ్గర నేర్చుకున్న తెలుగంతా పోగుచేసుకుని, "మొహమాటం వద్దు. వెళ్ళు, అమ్మా" అంది.

"సరేనండి" అన్నాను. ఆ వెంటనే ఏడుపొచ్చేసింది. టీపాటు ఒరిగి టీ అంతా ట్రేలో ఒలికింది. కేఫ్ ఆవిడ కంగారుపడి, "ఇప్పుడు తను ఒప్పుకున్నట్టేనా?" అని మేడంని అడుగుతోంది.

మేడం వెళ్ళేరోజు ఇల్లంతా బోసిపోయింది. సామాన్లు వెళ్ళిపోయాయి. రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల మిగిలాయి. టీపాటూ దాని టోపీ మాత్రం సర్దలేదు, అవి నాకే ఇచ్చేసింది. కారు వచ్చేదాకా టీ తాగుదామంది. పోశాను. ఇద్దరం తాగాం. కప్పు ఖాళీ అయ్యాక అడిగాను.

"ఇంకో కప్పు మేడం?"

"వద్దు డియర్, థాంక్యూ."

ఇంగ్లీషు వాళ్ళకి వద్దంటే వద్దే. ఇన్నేళ్ళలో ఆ ఒక్కటీ బాగా వంటబట్టింది నాకు. టీపాటుకి టోపీ తొడిగి, ట్రే ఎత్తుకుని వంటింటి వైపు నడిచాను. గుమ్మం దాకా వెళ్ళానో లేదో, వెనకనించి వినిపించింది.

"అంతేనా? ఒక్కసారే అడుగుతావా?"

వెనక్కి తిరిగాను. ఖాళీ కప్పుని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మొహం కిటికీ వైపు ఉంది.

"ఇంకో కప్పు మేడం?" అన్నాను.

"వద్దు. నీకెందుకు శ్రమ."

మూడోసారి అడగాలి. ట్రే దించి, టోపీ తీసి, ఆవిడ చేతుల్లోని కప్పులోకే టీపాటు వంచాను.

"సగం చాలు" అంది మేడం.

నిండా పోశాను.